పదకొండు గంటల బండి

మా మామయ్యకు ఇంగ్లిషు రాదు. అయినా మా పికప్ బండి ఇంజన్ లెక్కలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నాలుగు సిలిండర్లు, రెండు వేల నూట చిల్లర సీసీ, కంప్రెషన్ ఇరవై రెండుకు ఒకటి, సిలిండర్లు మంట అందుకునే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంటికి వచ్చిన చుట్టానికి మంచినీళ్ల చెంబు అందేలోపే ఈ అంకెలు అందేవి. నా పెళ్లిచూపులకు కొడుకును వెంటబెట్టుకుని మా ఊరు కుసుమంచి వచ్చినప్పుడు మా నాన్న గోత్రం అడిగితే, అది ఒక్క ముక్కలో తేల్చేసి, "మాకు సొంత బండి ఉన్నది బావగారూ, నాలుగు సిలిండర్లది" అని మొదలుపెట్టాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. పిల్లవాడి మొహం ఇంకా చూడలేదు. బండి మాత్రం నచ్చింది.

నచ్చదా మరి. ఖమ్మంలో మూడేళ్లు మెకానికల్ డిప్లొమా చదివినదాన్ని. క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడపిల్లని. వర్క్‌షాపులో నా చేతికి స్పానర్ రావడానికే ఏడాది పట్టింది, అదీ నేను పోట్లాడితే. అత్తవారింటికి వెళ్లాక అదే కథ మళ్లీ మొదలైంది. బండి బాగుచేస్తుంటే దీపం పట్టుకోవచ్చు, గుడ్డ అందించవచ్చు, టీ తేవచ్చు. చెయ్యి పెట్టకూడదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ముందే హెచ్చరించి పంపింది కాబట్టి వాళ్లు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

మా అత్తవారి ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో దిగి, అడవిలోకి తొమ్మిది కిలోమీటర్లు పోతే వస్తుంది. మామయ్య తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి భూముల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబం. ఊళ్లోకి బస్సు రోజుకు ఒకటే, అదీ మధ్యాహ్నం. మిర్చి బస్తాలకు, పత్తికి, దవాఖానాకు పోయే మనుషులకు, నవమికి భద్రాచలం పోయే భక్తులకు మా బండే దిక్కు. నేను పుట్టిన ఏడాదే అదీ తయారైందట. నాకంటే దాని ఆరోగ్యం గురించే ఇంట్లో ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు.

బండితోపాటు వచ్చిన ఇంగ్లిషు పుస్తకం ఒకటి ఉండేది. ఇంజన్ కొలతలు, బోల్టు ఎంత బిగించాలి, ఏ రోగానికి ఏ మందు, అన్నీ అందులో ఉన్నాయి. మామయ్య దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి దేవుడి పటాల పక్కన పెట్టాడు. ఎవరో టీచరు చేత ఒకసారి చదివించుకుని అంకెలు బట్టీ పట్టాడట. ఆ తర్వాత దాన్ని విప్పిన మొదటి మనిషిని నేనే. "స్నానం చేసినవా?" అని అడిగాకగానీ నా చేతికి ఇవ్వలేదు. నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. చలి దేశాల్లో డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుందని ఒక పేరా ఉంది. మనకు మంచు ఎక్కడిదిలే అని ఆ పేజీ తిప్పేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పేజీతోనే నా చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

నేను చెబుతున్నది రెండు వేల అయిదు ప్రాంతపు సంగతి. ఆ ఎండాకాలం నుంచి బండి మైలేజీ ఉన్నట్టుండి పెరిగింది. లీటరుకు పది ఇచ్చేది పదమూడు ఇవ్వసాగింది. అంతకు ముందు వారమే మామయ్య ఇంజన్ వాల్వుల టాపెట్లు సర్ది ఉన్నాడు. ఇంకేముంది. ఆ పదమూడును ఆయన పాల్వంచ టీ కొట్టుకు మోసుకుపోయాడు, వేంసూరులో చుట్టాల పెళ్లిలో చెప్పాడు, బోనకల్లులో రైలు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు. "చేతిల ఉంటదయ్యా, టాపెట్ శబ్దం చెవుతోటి వినాలె" అనేవాడు. ఇద్దరు ట్రాక్టర్లు తోలుకొచ్చి ఆయన చేత ముట్టించుకుని పోయారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, నేను మధ్యలో ఏదన్నా అడగబోతే చెయ్యెత్తి ఆపేవాడు.

చలికాలం వచ్చింది. అడవి పక్క ఊళ్లలో చలి చలిలా ఉండదు, ఎముకల్లో కూర్చుంటుంది. ఒకరోజు పొద్దున ఏడింటికి మిర్చి బస్తాలెత్తి తాళం తిప్పితే బండి స్టార్ట్ కాలేదు. స్టార్టర్ తిరుగుతుంది. ఇంజన్ ఒకసారి దగ్గుతుంది, ఊరుకుంటుంది. నలుగురు తోశారు, ఎనిమిది మంది తోశారు. మా వీధి చివర దాకా పోయి ఆగింది. తోసినవాళ్లకు టీ ఇవ్వడం ఊరి మర్యాద కాబట్టి అత్తమ్మ టీ పెట్టింది. మర్నాడూ అంతే. నాలుగో రోజుకు పిలవకుండానే పన్నెండు మంది ఏడింటికల్లా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. బండి స్టార్టవుతుందేమోనని వాళ్ల మొహాల్లో కొంచెం భయం కూడా కనిపించేది.

అసలు విడ్డూరం ఏమిటంటే, బండి రోజూ స్టార్టయ్యేది. ఎటొచ్చీ పదకొండు గంటలకు.

దీనివల్ల మా ఇంట్లో ప్రతివాడూ ఇంజనీరైపోయాడు. మొదటిరోజు మామయ్య కొబ్బరికాయ కొట్టి, రేడియేటర్‌కు పసుపు రాసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తాళం తిప్పాడు. బుర్రుమంది. అప్పుడు టైము పదకొండు. "దిష్టి. పదమూడు మైలేజీ ఇస్తె కళ్లు పెట్టకుంట ఉంటరా జనం?" అన్నాడు. రెండోరోజు మా ఆయన ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చి దీనికి బిగించాడు. బిగించేసరికి పదకొండు. "బ్యాటరీల దమ్ము లేదు, నేను ముందే చెప్పిన" అన్నాడు. ముందు ఎవరికి చెప్పాడో ఇప్పటికీ తెలియదు. మూడోరోజు పాల్వంచ నుంచి మెకానిక్ వచ్చాడు. హీటర్ ప్లగ్గులు విప్పాడు, ఇంజెక్టర్లు విప్పాడు, అన్నీ కిరోసిన్‌లో కడిగి మళ్లీ బిగించాడు. చెయ్యి తిరిగినవాడు కనక పది యాభైకే ముగించాడు. పది నిమిషాలు ఎందుకో స్టార్ట్ కాలేదు. తర్వాత అయింది. "ప్రెజర్ ఎక్కాలె గదా" అన్నాడు గంభీరంగా.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి ఎంత మురిసిపోతుందో నేను ఆ వారంలో కళ్లారా చూశాను. చూసి నవ్వుకున్నాను. నాలుగోరోజు పాఠ్యపుస్తకం ప్రకారం ఇంధనం లైనులో గాలి చేరిందని తేల్చి, ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి కొట్టి గాలి తీశాను. మొదటిసారి నన్ను ముట్టుకోనిచ్చారు, అందరూ అలిసిపోయారు కాబట్టి. బండి స్టార్టయింది. టైము చూసుకోవాలని నాకు మాత్రం ఎందుకు తోచాలి? "గాలి! గాలి చేరింది!" అని ఆ పన్నెండు మందికీ ఉపన్యాసం ఇచ్చాను. మొదటి మూడు కాకులను చూసి నవ్వింది నాలుగో కాకి.

ఆ సాయంత్రమే భద్రాచలం నుంచి కాగితం వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పడానికి మనిషి కావాలంటే, ఎవరికీ చెప్పకుండా అర్జీ పెట్టాను. వచ్చే సోమవారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఆ కాగితం చేతిలో పట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. మూడేళ్ల చదువు గుడ్డలందించడానికేనా అని పెళ్లయిన దగ్గర్నుంచీ లోపల మండుతూనే ఉంది. ఇది తప్పిపోతే మళ్లీ ఇలాంటి కాగితం ఈ అడవిలోకి దారి వెతుక్కుంటూ రాదని నాకు తెలుసు.

మామయ్యకు చెప్పాను. ఆయన వద్దనలేదు. వద్దంటే నేను పోట్లాడి గెలిచేదాన్ని. ఆయన న్యాయం మాట్లాడాడు.

"పొయ్యేది బండ్ల సంగతి చెప్పనీకే గదా?"

"అవ్ మామయ్యా."

"సోమారం పొద్దున ఏడింటికి మన బండి నువ్వు స్టార్ట్ జెయ్యి. దాంట్లనే పో. ఇంట్ల బండి స్టార్ట్ జెయ్యలేనిదానివి ఊళ్లె పిల్లలకేం చెప్తవ్? స్టార్ట్ గాకపోతె ఈ ముచ్చట ఇంక ఇంట్ల తియ్యొద్దు."

"గాలి తీసినంక మంచిగనే ఉన్నది గదా. సరే" అన్నాను. ముక్కు మీది కోపానికి ముందుచూపు ఉండదు.

మర్నాడు ఏడింటికి బండి స్టార్ట్ కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. అప్పుడుగానీ నేను గడియారం వైపు చూడలేదు. పదకొండు! ఎవరు ఏం చేసినా, ఎవరూ ఏమీ చెయ్యకపోయినా పదకొండుకు స్టార్టవుతోంది. ఎండెక్కితే బాగవుతోందంటే చలి రోగం. చలి రోగమంటే ఇంజన్‌ను లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులు. నాలుగూ విప్పి బ్యాటరీకి తగిలించి చూశాను, నాలుగూ ఎర్రగా కాలాయి. కంప్రెషన్ తగ్గిందేమో అనుకున్నాను, పొగ చూస్తే అలా లేదు. ఆదివారం కల్లా నా దగ్గరున్న విద్య అంతా అయిపోయింది. మామయ్య మాత్రం మంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతూ చూసేవాడు. తిట్టినా బాగుండేది.

సోమవారం ఆరున్నరకే బానెట్ ఎత్తాను. ఇస్త్రీ చీర కట్టుకుని, పైన మా ఆయన పాత చొక్కా తొడుక్కున్నాను. అరుగు మీద పన్నెండు మందీ హాజరు. పందెం సంగతి ఊరంతా తెలిసిపోయింది. హీటర్ వేశాను, తాళం తిప్పాను. దగ్గింది, ఆగింది. గాలి తీద్దామని బోల్టు విప్పి చేతి పంపు కొడితే డీజిల్ రావడం లేదు. బొట్టు కూడా రావడం లేదు. ఫిల్టర్ డబ్బా మొత్తం విప్పి నేల మీద పెట్టాను.

అదే వేళకు గూడెం నుంచి ఇప్పనూనె తెచ్చే ఆమె వచ్చింది. కోయ మనిషి, అత్తమ్మ కంటే పెద్దది. ఇప్పగింజలు ఆడించి నూనె తెచ్చిస్తుంది, అత్తమ్మ బియ్యం కొలిచిస్తుంది. ఎన్నో ఏళ్ల ఇచ్చిపుచ్చుకోలు. నూనె టిన్ను దింపి, అందరూ ఏం చూస్తున్నారా అని ఆమె కూడా వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. ఫిల్టర్ డబ్బా అడుగున పసుపు పచ్చగా, పేరిన నెయ్యిలాంటిది ఇంత మందాన ఉంది. ఆమె వేలితో కొంచెం తీసి వాసన చూసింది.

"ఇది మా నూనె గదా బిడ్డా" అంది.

"కాదవ్వా, డీజిల్ల ఉండే మైనం అది. చలికి గట్లయితది" అన్నాను. ఆ తిప్పేసిన పేజీ అప్పుడే గుర్తొచ్చింది మరి, వదులుతానా.

ఆమె తన టిన్ను మూత తీసి చూపించింది. అందులోనూ అదే రంగు, అదే గడ్డ, అదే వాసన. "ఎండాకాలం నుంచి మీ బండి మా గూడెం దాటితె ఇప్పనూనె దీపం పొగ వాసనే వస్తాంది. దీపాల బండి అంటరు మావోళ్లు. చలికి పేరుకుంటది. మేం పొయ్యి కాడ పెడతం. ఎండ తగిలితె దానంతటదే కరుగుతది."

నేను తల ఎత్తేసరికి అత్తమ్మ కాగులోంచి రెండు బిందెల వేణ్నీళ్లు తెచ్చి నిలబడి ఉంది. ఎవరూ తెమ్మనలేదు. ఒక బిందె నా ముందు పెట్టింది. రెండోది తీసుకుని తిన్నగా పోయి ట్యాంకు మీద, దాని నుంచి వచ్చే గొట్టం మీద పోయసాగింది. బండి కిందికి వంగి ఆ గొట్టం ఎటు పోతుందో చూస్తూ, వదలకుండా. ఇంట్లో ఇన్నేళ్లుగా బండి దగ్గరికి రాని మనిషి.

ఫిల్టర్ వేణ్నీళ్లలో పెట్టి, కరిగిందంతా వంచేసి, కొత్త డీజిల్ పోసి బిగించాను. పంపు కొట్టాను, డీజిల్ చిమ్మింది. తాళం తిప్పాను. బుర్రుమంది. ఏడున్నర. పన్నెండు మందీ లేచి నిలబడ్డారు. టీ ఇస్తారో లేదో అన్న అనుమానం వాళ్ల కళ్లలో అప్పటికే మొదలైంది.

"ఆ నూనె ట్యాంకులకు ఎట్ల వచ్చింది?" అన్నాడు మామయ్య.

"నేనే పోసిన" అంది అత్తమ్మ.

గూడెంలో ఎవరో ఆఫీసర్లు వచ్చి కానుగ నూనెతో ఇంజన్ నడిపి బల్బులు వెలిగించి చూపిస్తే ఆమె కూడా వెళ్లి చూసిందట. కానుగకు ఇంజన్ తిరిగితే ఇప్పకు తిరగదా అనుకుంది. ఇంట్లో నూనె మిగిలిపోతోంది. బండి పొద్దస్తమానం మూలుగుతోంది. వారానికి నాలుగైదు చెంబులు ట్యాంకులో పోస్తూ వచ్చింది. మామయ్య మైలేజీ లెక్కకట్టింది మాత్రం కొన్న డీజిల్‌కే.

"చెప్పొద్దా నాకు?" అని మామయ్య అరిచాడు.

"నీ మోకాళ్లకు నూనె రాసిన, తలుపు బందులకు పోసిన, బాయి గిలకకు పోసిన. కదలనిదానికల్లా నేనే పోస్తి. ఎప్పుడన్న నిన్ను అడిగిననా? పోసినంకనే గదా నీ బండి పదమూడు ఇచ్చింది?"

మామయ్య ఇప్పుడు కోప్పడితే పదమూడు టాపెట్లది కాదని పన్నెండు మంది ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ కబురు పాల్వంచ టీ కొట్టు మీదుగా బోనకల్లు దాకా పోతుంది. తేలు కుట్టిన దొంగలా వేపపుల్ల కోసం వెతుక్కున్నాడు. దొరికాక అన్నాడు: "ఏడింటికి స్టార్ట్ గాలేదు గదా. రోగం చెప్పింది గూడ గూడెం ఆమెనే, కోడలు గాదు. మాట మాటనే."

ఆ మాట నిజం కావడమే నా బాధ. చొక్కా గుండీలు విప్పుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తమ్మ బిందె కింద పెట్టింది. "బండి ఆపింది నేను. కోడలి పరీక్షకు అడ్డం పడ్డది నేను. నా తప్పుకు దాన్నెట్ల ఓడగొడతవ్? నేను గూడ పోతున్న. నడు పిల్లా, ఎక్కు" అని నాకంటే ముందు ఎక్కి కూర్చుంది. మా ఆయన తండ్రి మొహం చూడకుండా స్టీరింగ్ దగ్గరికి పరిగెత్తాడు. మేం వీధి దాటేసరికి మామయ్య గూడెం ఆమెను ఏదో అడుగుతున్నాడు. ఎండాకాలంలో పోయవచ్చునా అనే అయి ఉంటుంది.

పది కాకముందే భద్రాచలం చేరాం. ఇంటర్వ్యూ అరగంట జరిగింది. గోళ్లలో గ్రీజు చూసి ఒక పెద్ద సారు, "పొద్దున్నే పని చేసి వచ్చినట్టున్నవ్" అన్నాడు. జరిగింది చెప్పాను, ఇప్పనూనె, గూడెం ఆమె, నా తిప్పేసిన పేజీతో సహా. వచ్చే సోమవారం నుంచి వచ్చి చేరమన్నారు. పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాను.

అత్తమ్మ బెంచీ మీద లేదు. వర్క్‌షాపులో ఉంది. పిల్లలకు చూపించడానికి ఒక ఇంజన్‌ను నిలువునా కోసి, లోపలి భాగాలకు రంగులేసి స్టాండు మీద పెట్టారు. ఆమె దాని ముందు వంగి నిలబడి ఉంది. మా ఆయన దూరంగా గోడకు ఆనుకున్నాడు. నా వెనకే వచ్చిన పెద్ద సారును చూసి, "ముట్టుకోవచ్చా అయ్యా?" అని అడిగింది. ముట్టుకోమన్నాడు. డీజిల్ గొట్టం మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుతూ ఫిల్టర్ దగ్గర ఆగింది.

"ఇక్కడ్నే గదా ఆగింది?"

"అక్కడే అత్తమ్మా."

"ఇక్కడ్నుంచి ఎటు పోతది?" సారు చూపించాడు. పంపు, సన్న గొట్టాలు, ఇంజెక్టర్ చివర సూది మొనంత రంధ్రాలు. ఆమె చాలాసేపు ఆ రంధ్రాల వంకే చూసింది. "గింత సన్నయా? నేను చెంబులతోటి పోసిన" అంది. కాసేపటికి మళ్లీ, "ఈ చదువు ఎన్నేండ్లయ్యా?"

"కొందరు ఏడాది, కొందరు రెండేళ్లు నేర్చుకుంటరమ్మా."

"ఆడోళ్లను చేర్చుకుంటరా?"

"ఎందుకు చేర్చుకోం? మీ కోడలేగా ఇంక పాఠం చెప్పేది!"

"కోడలి సంగతి గాదు. నాకు."

సారు నవ్వాడు. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. పకపకా నవ్వాను, ఉద్యోగం వచ్చిన సంబరంలో, ఇంకేమీ ఆలోచించకుండా.

అత్తమ్మ నవ్వలేదు. కొంగుతో వేలికంటిన గ్రీజు తుడుచుకుంది. "ఊకెనే అడిగిన" అని బయటికి నడిచింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె వేళాకోళం ఆడలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషి, బతుకులో మొదటిసారి ఒక చదువు కావాలని అడిగింది. నేను నవ్వాను.

గోదావరి బ్రిడ్జి దాటాం, సారపాక దాటాం. ఆమె నాకూ మా ఆయనకూ మధ్య కూర్చుని, ఇంజన్ శబ్దం వినిపించే వైపు చూస్తూ ఉంది.

"అత్తమ్మా, ఆ ఇంజన్ గురించి ఇంకా ఏం తెలుసుకోవాలనుకున్నరు?" అన్నాను.

"నవ్వవు గదా?"

"నవ్వను."

"అయితే మొదట్నుంచి చెప్పు."

ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టాను.